ఇల్లు మారితే ఓటు ఎటు పోతుంది? తిరుపతి ఓటరు జాబితాపై ఒక పరిశీలన

కొర్లగుంటలో అద్దెకుంటున్న ఒక కుటుంబం తిరుచానూరుకు మారిందనుకుందాం. సామాను ఆటోలో వేసుకుంటే అరగంటలో చేరిపోతారు. పాలు, గ్యాస్, పిల్లల స్కూల్ బస్సు వారం రోజుల్లో కుదురుకుంటాయి. ఏ ఊరని ఎవరైనా అడిగితే అప్పటికీ "తిరుపతే" అంటారు. ఓటు లెక్కలో మాత్రం వాళ్ళు పొలిమేర దాటేశారు. కొర్లగుంట తిరుపతి అసెంబ్లీ నియోజకవర్గంలో, తిరుపతి లోక్‌సభ స్థానంలో ఉంది. తిరుచానూరు చంద్రగిరి అసెంబ్లీలో ఉంది, చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ కిందికి వస్తుంది. అంటే ఎమ్మెల్యే, ఎంపీ ఇద్దరూ మారిపోయారు. అదే కుటుంబం రేణిగుంట వైపు వెళ్ళి ఉంటే శ్రీకాళహస్తి అసెంబ్లీలో పడేది, ఎంపీ స్థానం మాత్రం తిరుపతే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఇంకో మెలిక పడింది. చంద్రగిరి వాళ్ళ కలెక్టర్ తిరుపతిలో ఉంటారు, వాళ్ళ ఎంపీ స్థానం పేరు చిత్తూరు.

ఇలా మారిన వాళ్ళలో చాలామంది ఓటు సంగతి ఎన్నికల ముందు రోజుదాకా పట్టించుకోరు. స్లిప్పులు పంచేవాళ్ళు పాత ఇంటికి వెళ్తారు. అక్కడ కొత్త అద్దెవాళ్ళు ఉంటారు, పాతవాళ్ళ స్లిప్పులు గుమ్మంలోనే ఉండిపోతాయి. కొత్త ఇంటి దగ్గరి బూత్‌లో వీళ్ళ పేర్లే ఉండవు. ఓటు వేయాల్సిన చోట పేరు లేదు, పేరున్న చోట మనిషి లేడు. తిరుపతిలో దొంగ ఓట్ల గొడవైనా, ఓట్ల గల్లంతు గొడవైనా ఎక్కువ భాగం ఈ ఖాళీలోంచే పుడుతున్నాయి.

ఎన్నికల సంస్కరణ అనగానే మన దగ్గర చర్చ ఈవీఎంల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. యంత్రం మీద అనుమానాలు తీర్చాల్సిందే. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు వీవీప్యాట్‌ల (ఓటు ఎవరికి పడిందో కాగితం మీద అచ్చువేసే యంత్రాల) స్లిప్పులను లెక్కపెట్టి సరిచూస్తున్నారు. కానీ ఎంత మంచి యంత్రమైనా తన ముందుకు వచ్చిన ఓటునే లెక్కపెడుతుంది. ఆ ఓటు వేసింది అసలు మనిషేనా, వేయాల్సిన మనిషిని గేటు దగ్గరే వెనక్కి పంపేశారా అన్నది జాబితా తేల్చాల్సిన విషయం. మన శ్రద్ధలో సగమైనా జాబితా మీదికి మళ్ళాలి.

చట్టంలో అస్పష్టత పెద్దగా లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండి, ఆ నియోజకవర్గంలో సాధారణంగా నివసించే మనిషికి అక్కడ ఓటు ఉంటుంది. ఊళ్ళో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని ఇదే చట్టం చెబుతుంది. పని మీద కొంతకాలం వేరే ఊరు వెళ్ళినంత మాత్రాన నివాసం పోదని కూడా అదే చెబుతుంది. రెండు నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదు, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మరి రెండు చోట్ల పేర్లు ఎందుకుంటున్నాయి? అందరూ మోసం చేయాలని చేసింది కాదు. 2022 ఆగస్టు 1కి ముందు ఒక నియోజకవర్గం నుంచి ఇంకో దానికి మారితే, కొత్త ఓటరులాగే ఫారం 6 నింపాల్సి వచ్చేది. కొత్త చోట పేరు ఎక్కేది, పాత చోట పేరు తీసే పని ఆఫీసుల మధ్య కాగితాల్లో నానుతూ ఉండేది. ఇప్పుడు ఇల్లు ఎక్కడికి మారినా ఫారం 8 ఒక్కటే చాలు, అది కొత్త చోట చేర్చి పాత చోట తీసేస్తుంది. ఇది నిజంగా మంచి మార్పు. ఇక్కడి జనంలో చాలామందికి ఇది తెలియదు, చెప్పాల్సినంతగా ఎవరూ చెప్పలేదు. మీసేవ, జిరాక్సు షాపుల్లో ఇప్పటికీ "కొత్త ఓటు ఎక్కించాలా?" అని అడిగి ఫారం 6 నింపేస్తే, అది డబుల్ ఎంట్రీకి మొదటి మెట్టు అవుతుంది.

దీని వెనక ఒక మనసు కూడా ఉంది. పీలేరు నుంచో పుంగనూరు నుంచో వచ్చి తిరుపతిలో లాడ్జీలోనో హోటల్లోనో పని చేసుకునే మనిషి "ఓటు ఊళ్ళోనే ఉండనీ" అనుకుంటాడు. అక్కడ పొలం ఉంది, అన్నదమ్ములున్నారు, పంచాయతీ ఎన్నికల్లో ఒక్కో ఓటు లెక్కకు వస్తుంది. ఇక్కడ అద్దె ఇల్లు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఇక్కడికి మార్చుకున్నాక ఇది కూడా పోతే? ఆ భయం నిజమైనది, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ దాని ఫలితం కూడా కళ్ళముందే ఉంది. 2024 మే 13న రాష్ట్రంలో 81 శాతానికి పైగా ఓటింగ్ జరిగితే, తిరుపతి నగరం ఆ సగటుకు చాలా దూరంలో ఆగిపోయింది. నగరవాసికి బద్ధకమని తిట్టేసి ఊరుకుంటే సులువే. ఆ జాబితాలో ఎందరు అసలు తిరుపతిలో ఉంటున్నారన్న ప్రశ్న వేసుకోకుండా ఆ శాతానికి అర్థం చెప్పలేం.

తిరుపతికి ఇంకే ఊరికీ లేని ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడ కొత్త మనిషి అంటే ఎవరికీ అనుమానం రాదు. రోజూ వేలాది మంది భక్తులు బస్సుల్లో, రైళ్ళలో, టెంపోల్లో దిగుతుంటారు. మామూలు పల్లెటూళ్ళో పోలింగ్ రోజు బయటి బస్సు ఆగితే పది మంది గుమిగూడతారు. తిరుపతిలో బస్సు ఆగడమే దినచర్య. అందుకే 2021 ఏప్రిల్ 17న జరిగిన లోక్‌సభ ఉప ఎన్నికలో బయటివాళ్ళను బస్సుల్లో దించి ఓట్లు వేయిస్తున్నారని ప్రతిపక్షాలు ఆరోపించినప్పుడు, వచ్చినవాళ్ళు యాత్రికులని అవతలివాళ్ళు జవాబిచ్చారు. రోడ్డు మీద నిలబడి ఆ వాదన తేల్చడం ఎవరి వల్లా కాదు. యాత్రికుణ్ణి ఆపి "నువ్వెందుకు వచ్చావ్" అని అడిగే హక్కు ఎవరికీ ఉండకూడదు కూడా. కాబట్టి ఈ ఊళ్ళో కాపలా ఉండాల్సింది చెక్‌పోస్టు దగ్గర కాదు, బూత్ లోపల మొదటి టేబుల్ దగ్గర.

ఆ టేబుల్ దగ్గర ఏముంటుంది? ఫొటోలున్న జాబితా ఉంటుంది. ఆ ఫొటో గోరంత, నలుపు తెలుపు, చాలాసార్లు పదేళ్ళ కిందటిది. ముఖం పోల్చడానికి పోలింగ్ సిబ్బందికి దొరికేది కొన్ని సెకన్లు. ఇల్లు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, ఇంట్లో దొరకనివాళ్ళ పేర్లతో బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) తయారుచేసిన వేరే జాబితా కూడా ఉండాలి. ఆ పేర్ల మీద ఎవరైనా వస్తే గుర్తింపు గట్టిగా చూడాలి. పార్టీ ఏజెంటుకు అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు, ప్రిసైడింగ్ అధికారి అప్పటికప్పుడు విచారించాలి. తమ పేరున అప్పటికే ఎవరో ఓటు వేసి వెళ్ళారని తెలిసిన ఓటరు ఏడ్చుకుంటూ ఇంటికి పోనక్కర్లేదు. టెండర్ ఓటు అడిగితే పేపరు బ్యాలెట్ ఇవ్వాలి. దాన్ని మామూలు లెక్కింపులో కలపరు, కానీ కోర్టుకు వెళ్తే అది సాక్ష్యం. ఈ నియమాలన్నీ ఎప్పటి నుంచో ఉన్నాయి. వాడుకునేవాళ్ళే లేరు. చిన్న పార్టీలకు ఏజెంట్లే దొరకరు, దొరికినా వాళ్ళకు శిక్షణ ఉండదు.

అదే ఉప ఎన్నిక తర్వాత ఇంకా పెద్ద ప్రశ్న బయటికొచ్చింది. తిరుపతి ఓటరు నమోదు అధికారి లాగిన్ వాడి వేల సంఖ్యలో ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న ఫిర్యాదు విచారణదాకా వెళ్ళింది. 2024 జనవరిలో, అప్పట్లో ఆ బాధ్యతలో ఉన్న ఐఏఎస్ అధికారి సస్పెండ్ అయ్యారు. తప్పు ఎవరిదన్నది విచారణ తేల్చాల్సిన మాట. కానీ ఈ వ్యవహారం చూపించిన లోపాన్ని అర్థం చేసుకోవడానికి తీర్పు కోసం ఆగక్కర్లేదు. మామూలు ఓటరు తన కార్డు దించుకోవాలంటే తన ఫోన్‌కు ఓటీపీ రావాలి. మొత్తం నియోజకవర్గం తాళాలు మాత్రం ఒక్క లాగిన్‌లో ఉంటే, పాస్‌వర్డ్ చేతులు మారినప్పుడు ఆపేవాళ్ళెవరు? బ్యాంకులో పెద్ద మొత్తం కదలాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి. ఓటరు కార్డుల విషయంలోనూ ఇద్దరు అధికారులు ఆమోదిస్తే తప్ప గుత్తగా డౌన్‌లోడ్ జరగకూడదు. ఏ లాగిన్ నుంచి ఏ రోజు ఎన్ని కార్డులు దిగాయో పార్టీలన్నిటికీ వారం వారం తెలియాలి. తన కార్డును ఎవరు దించినా, తన పేరు మీద ఏ ఫారం వచ్చినా ఓటరు ఫోన్‌కు మెసేజ్ రావాలి. గ్యాస్ సిలిండర్ బుక్ అయితే వచ్చే మెసేజ్ ఓటుకు ఎందుకు రాకూడదు?

ఈ కథలన్నీ విన్నాక ఎవరికైనా అనిపించేది, జాబితా మొత్తాన్ని దులిపేయాలని. ఇక్కడే ఆగి ఆలోచించాలి. చెత్తను ఊడ్చే చీపురే గింజల్ని కూడా ఊడ్చేసిన అనుభవం తెలుగువాళ్ళకు ఉంది. 2015 మార్చిలో ఓటరు జాబితాల ప్రక్షాళన పేరుతో ఆధార్ అనుసంధానం మొదలైంది, ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశంతో ఆగింది. ఆ మధ్యలోనూ తర్వాతా తెలంగాణలో లక్షల పేర్లు జాబితా నుంచి పోయాయి. 2018 డిసెంబరు 7న పోలింగ్ కేంద్రాలకు వెళ్ళినవాళ్ళలో ఎందరో తమ పేరు లేదని తెలుసుకున్నారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆయన క్షమాపణ చెప్పడం గౌరవించాల్సిన విషయమే. పోయిన ఓటు మాత్రం ఐదేళ్ళదాకా తిరిగి రాదు.

మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రూపం చూశాం. 2019 ఎన్నికల ముందు ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఫలానా ఓటరు చనిపోయాడనో ఇల్లు మారాడనో అభ్యంతరం చెప్పే ఫారం ఇది, అదే నియోజకవర్గంలోని ఏ ఓటరైనా ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో గుట్టలుగా వేశారు, కొన్ని ఎవరి పేరున వేశారో వాళ్ళకే తెలియదు. కేసులు పెట్టారు. విచారణలో ఎక్కువ భాగం తిప్పికొట్టినా, బతికున్న మనిషి తాను బతికే ఉన్నానని ఆఫీసు చుట్టూ తిరిగే పరిస్థితి వచ్చింది. అభ్యంతరం చెప్పినవాడి ఇంటికి వెళ్ళి, "ఈ ఫారం నువ్వే ఇచ్చావా, నీకెలా తెలుసు" అని ముందు అడగాలి. ఆ తర్వాతే ఓటరు గుమ్మం తొక్కాలి. ఈ వరుస తారుమారైనంతకాలం ఫారం 7 ఆయుధంగానే మిగులుతుంది.

న్యాయపరంగా దారి స్పష్టంగానే ఉంది. ఒకసారి జాబితాలో చేరిన పేరును నోటీసు ఇవ్వకుండా, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తీయకూడదని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2025లో బీహార్‌లో ఓటరు జాబితా ప్రత్యేక సవరణ చేసినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఆ పేర్లన్నీ, ఒక్కోటి ఎందుకు లేదో కారణంతో సహా బయటపెట్టాలని ఆగస్టు 14న కోర్టు చెప్పింది. ఈ ఒక్క ఆదేశాన్ని ప్రతి రాష్ట్రంలో, ప్రతి ఏటా, ప్రతి బూత్‌కూ శాశ్వత నియమంగా చేస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. చేర్చిన పేర్లు చూపిస్తున్నంత గట్టిగా తీసేసిన పేర్లూ చూపించాలి. వార్డు సచివాలయం గోడ మీద, వీధి పేరుతో, కారణంతో. పక్కింటావిడ చదివి "ఈయన చనిపోలేదు, కూతురి దగ్గర మదనపల్లెలో ఉన్నాడు" అని చెప్పగలగాలి. ఏ సాఫ్ట్‌వేర్‌కూ ఆ సంగతి తెలియదు.

చనిపోయినవాళ్ళ పేర్లు తీయడం తేలికని అందరూ అనుకుంటారు. మరణ నమోదు వివరాలను ఎలక్ట్రానిక్‌గా తెప్పించుకుంటామని ఎన్నికల సంఘం 2025 మేలో ప్రకటించింది. సరైన అడుగే. అయితే మన దేశంలో మరణం నమోదయ్యేది మనిషి ఉండే ఊళ్ళో కాదు, మరణం జరిగిన ఊళ్ళో. తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు రాయలసీమ నలుమూలల నుంచీ రోగులు వస్తారు. రాయచోటి నుంచి వచ్చిన పెద్దాయన రుయాలో కన్నుమూస్తే కాగితం తిరుపతిలో పుడుతుంది, ఓటు రాయచోటిలో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేది పేరు ఒక్కటే అయితే ప్రమాదం. వెంకటేశులు, మునెమ్మ లాంటి పేర్లు ఒక్కో మండలంలో వందలుంటాయి. చనిపోయింది ఒక మునెమ్మ అయితే ఓటు పోయేది ఇంకో మునెమ్మది. మరణ నమోదు సమయంలోనే ఓటరు కార్డు నంబరు అడిగి రాసుకుంటే, ఇంటివాళ్ళు దుఃఖంలో మళ్ళీ ఫారం 7 పట్టుకుని తిరగక్కర్లేదు, ఇంకొకరి ఓటుకూ ముప్పు ఉండదు.

విద్యార్థుల సంగతి వేరు. 1954 నాటి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మొదలుకొని ఐఐటీ, ఐసర్ దాకా హాస్టళ్ళలో ఉండేవాళ్ళు ఎందరో. హాస్టల్ చిరునామాతో ఓటు తీసుకోవాలా, ఇంటి దగ్గరే ఉంచుకోవాలా అన్నది విద్యార్థి ఇష్టం. చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే ధ్రువపత్రం సరిపోతుంది. పద్దెనిమిది నిండాయో లేదో లెక్కచూసే తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. పదిహేడేళ్ళకే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అడ్మిషన్ల వారంలో ఒక టేబుల్ వేసి అడగడం, కోర్సు ముగిసి టీసీ ఇచ్చే రోజున ఫారం 8 చేతికివ్వడం, ఈ రెండూ కాలేజీలు చేయగలిగినవే. మొదటిది అక్కడక్కడా చేస్తున్నారు. రెండోది చేయరు, అందుకే ఎప్పుడో వెళ్ళిపోయిన బ్యాచ్‌ల పేర్లు హాస్టల్ చిరునామాల్లో మిగిలిపోతుంటాయి.

ఇంత పని ఎవరు చేయాలి? చివరికి అంతా బీఎల్‌ఓ మెడకు చుట్టుకుంటుంది. వార్డు సచివాలయంలోనో అంగన్‌వాడీలోనో స్కూల్లోనో రోజంతా వాళ్ళ ఉద్యోగం వాళ్ళకుంటుంది. దాని మీద వెయ్యికి పైగా ఓటర్ల ఇళ్ళు తిరగాలి. 2025 ఆగస్టులో వాళ్ళ గౌరవ వేతనాన్ని ఏడాదికి 6,000 రూపాయల నుంచి 12,000కు పెంచారు. రెట్టింపే, కాదనలేం. నెలకు లెక్కేస్తే వెయ్యి రూపాయలు. పగటిపూట తాళం వేసున్న ఇంటికి సాయంత్రం మళ్ళీ వెళ్ళమని, మూడోసారి కూడా వెళ్ళమని ఆ వెయ్యి రూపాయలతో అడుగుతున్నాం. మూడుసార్లూ తాళం ఉంటే "ఇక్కడ లేరు" అని రాస్తారు. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ షిఫ్టుల్లో పని చేస్తున్నారేమో అక్కడ రాయడానికి గడి లేదు. సవరణ జరిగే నెలలోనైనా బీఎల్‌ఓను మిగతా డ్యూటీల నుంచి పూర్తిగా విడుదల చేస్తేనే ఆ జాబితాను నమ్మగలం.

బూత్ దగ్గర క్యూల గురించి ఒక లెక్క చాలు. 2024లో ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా పోలింగ్, అంటే 11 గంటలు. 1,500 మంది ఓటర్లున్న బూత్‌లో 80 శాతం వస్తే 1,200 మంది. ఒక్కొక్కరికి 33 సెకన్లు. ఆ 33 సెకన్లలో పేరు వెతకాలి, సంతకం పెట్టించాలి, సిరా పూయాలి, అసెంబ్లీకీ లోక్‌సభకూ రెండు ఓట్లు వేయించాలి. ఆ రోజు రాష్ట్రంలో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాకా ఓటింగ్ సాగిందంటే ఆశ్చర్యమేముంది. 2025లో ఒక బూత్‌కు 1,200 మందే గరిష్ఠమని నిర్ణయించారు. ఇదే లెక్కన మనిషికి 41 సెకన్లు వస్తాయి. ఎనిమిది సెకన్లు చిన్నవి కావు, ముఖాన్ని ఫొటోతో పోల్చి చూడటానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

పోలింగ్ అయిపోయాక మిగిలే సాక్ష్యం వీడియో. దాని విలువ చంద్రగిరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. కొన్ని బూత్‌లలో దళితులను ఓటు వేయనీయలేదన్న ఫిర్యాదులు వచ్చాయి, రికార్డయిన దృశ్యాలు చూశారు, ఏడు బూత్‌లలో మే 19న రీపోలింగ్ జరిపారు. పోలింగ్‌కూ రీపోలింగ్‌కూ మధ్య 38 రోజులు. వీడియో భద్రంగా లేకపోతే ఆ పల్లెల మాట ఎవరు వినేవారు? 2024 డిసెంబరులో నియమం మార్చి సీసీటీవీ దృశ్యాలను జనం అడిగి చూసే వీలు తగ్గించారు. 2025లో, కేసు లేకపోతే 45 రోజుల తర్వాత వాటిని తీసేయవచ్చని ఆదేశాలిచ్చారు. ఎన్నికల పిటిషన్ వేయడానికి గడువు కూడా 45 రోజులే. ఓటు వేసిన మహిళల గోప్యత గురించి ఎన్నికల సంఘం చెప్పే మాటలో కొంత నిజముంది. కానీ దారి మూసేయడం దానికి పరిష్కారం కాదు. ముఖాలు మసకబార్చిన కాపీని అభ్యర్థికి, ఫిర్యాదు చేసిన ఓటరుకు చూపించవచ్చు. ఫిర్యాదు చేయడానికి ఆధారం ఆ వీడియోలోనే ఉన్నప్పుడు, వీడియో చూడకుండా 45 రోజుల్లో ఎవరు కేసు వేయగలరు?

ఇక చివరిగా, ఏ చిరునామా లేని మనుషులు. తిరుపతిలో రైల్వేస్టేషన్ చుట్టుపక్కల, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో, బస్టాండు అరుగుల మీద రాత్రులు గడిపేవాళ్ళలో అందరూ ఒక్కరోజు యాత్రికులు కారు. మూటలు మోసేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, ఇళ్ళు వదిలి వచ్చేసిన ముసలివాళ్ళు ఉన్నారు. ఇంటి నంబరు లేనంత మాత్రాన వీళ్ళకు ఓటు లేదని ఎవరూ అనలేరు. ఫారం 6లో రాసిన చోట వాళ్ళు నిజంగా పడుకుంటున్నారో లేదో బీఎల్‌ఓ రాత్రిపూట వెళ్ళి చూడాలి, ఒక్క రాత్రి కాదు, ఒకటికి మించి రాత్రులు చూడాలి. కాగితం చూపించమని అడగకూడదు. ఎన్నికల సంఘం నియమాల్లో ఇది ఉంది. నగరంలో వచ్చే సవరణ మొదలయ్యేటప్పుడు ముందుగా కొర్లగుంట, జీవకోన ఇళ్ళ తలుపులు తడతారు, మంచిదే. అదే వారంలో రాత్రి పదకొండు గంటలకు, ఫారాల కట్టతో ఒక మనిషిని స్టేషన్ రోడ్డుకు కూడా పంపాలి.